సాహసం చెప్పు, శాతంతో సహా

జగిత్యాల బస్టాండు ఎదురుగా, సెల్‌ఫోన్ల దుకాణం మీది అంతస్తులో ఒక ఇంటర్వ్యూ శిక్షణ కేంద్రం ఉంది. చేరిన రోజు నాకు అక్కడ ఒక జిరాక్సు కాగితం ఇచ్చారు. దాని మీద పన్నెండు ప్రశ్నలు. 'మీరు సాహసంగా ఆలోచించిన సందర్భం చెప్పండి' అన్నది మొదటిది. 'అందరూ వద్దన్నా మీరు నమ్మి ముందుకు వెళ్లిన సందర్భం' నాలుగోది. 'పదేళ్ల తర్వాత రాబోయేదాన్ని ఇవాళే ఊహించిన సందర్భం' తొమ్మిదోది. పన్నెండూ ఒకటే ప్రశ్న అని నాకు మూడో రోజు అర్థమైంది. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు ప్రతిదీ వరసపెట్టి రాసుకునే అలవాటు ఉంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో నాకు మిగిలింది పట్టా కాకుండా అదొక్కటే.

నేను వెళ్లబోయే ఉద్యోగం కోరుట్ల బయట ఉన్న ఒక రైస్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరు. వడ్లు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పొట్టు తీయడం, సంచుల్లో నింపడం అక్కడ జరిగే పని. ప్రకటనలో మాత్రం 'బోల్డ్ అండ్ విజనరీ థింకింగ్ ఉన్నవారికి ప్రాధాన్యం' అని ఉంది. సాహసమూ, దార్శనికతా. మిల్లులో ఈ రెండింటినీ ఏ యంత్రానికి బిగిస్తారో నేను ఊహించలేకపోయాను. బాయిలరుకు సాహసం ఉంటే ఊరికి మంచిది కాదు.

అయినా ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎందుకో చెప్తాను. మా బాపు సిరిసిల్లలో ఒక ఆసామి దగ్గర ఆరు సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే మరమగ్గం. ఆసామి అంటే తన షెడ్డులో పదో ఇరవయ్యో మగ్గాలు పెట్టుకుని, పెద్ద సేటు దగ్గర నూలు తెచ్చి నేయించే చిన్న యజమాని. బాపు వరస పక్కన నాలుగు సాంచెలు నడిపే అతను మహారాష్ట్రలోని భీవండికి మగ్గాల పనికే పోయాడు. ఆ నాలుగూ ఖాళీ అయ్యాయి. ఆసామి మా బాపుతో, "నీ కొడుకు మూడేండ్ల సంది ఖాళీగనే ఉన్నడు గదా. సోమవారం దాక ఆగుత. ఆనంక ఇంకొకల్లకు ఇస్త" అన్నాడు. ఇంటర్వ్యూ ఆ ముందు శుక్రవారం.

సాంచెల పని చిన్నదని నేను అనుకోను. అది నన్ను పెంచింది. కానీ బడిలో నాతో చదువుకున్న ఇద్దరు 'నాలుగు నెలల కోసమే' అని మగ్గాల ముందు నిలబడ్డారు. ఒకతనికి ఇది ఆరో ఏడు. అతను ఇప్పటికీ నాలుగు నెలలు అనే అంటాడు. సోమవారం తర్వాత నేను అతని పక్కన నిలబడతానా లేదా అన్నదే నాకున్న అసలు ప్రశ్న. అది జిరాక్సు కాగితంలో లేదు.

శిక్షణ కేంద్రం సారు అంతకుముందు ఎరువుల కంపెనీలో ప్రతినిధిగా తిరిగేవాడు. బోర్డు మీద నాలుగు గదులు గీసి పరిస్థితి, పని, చర్య, ఫలితం అని రాసేవాడు. మనిషి జీవితమంతా ఆ నాలుగు గదుల్లో పట్టాలన్నది ఆయన సిద్ధాంతం. పట్టనిది జీవితం కాదు, సోది. మూడో రోజు నన్ను లేపాడు.

"తమ్మీ, నీ జీవితంల సాహసం ఏంది?"

"ఏం లేదు సార్."

"లేదనద్దు. అది లేదంటె ఉద్యోగం లేదు. మంచిగ యాది చేసుకో."

"నిజంగనే లేదు సార్."

"అయితె నాలుగో నంబరు రాసుకో."

కేంద్రంలో తయారుగా ఉంచిన కథలు ఏడు. నాలుగోది బాగా అరిగిపోయిన కథ. ఊరి మంచినీళ్ల ట్యాంకు నిండి రోజూ పొర్లిపోతుంది. అభ్యర్థి దానికి సెన్సర్ పెడతానంటాడు. సర్పంచ్ వద్దంటాడు. అభ్యర్థి వినడు. నీళ్లు ముప్పై ఎనిమిది శాతం మిగులుతాయి. సర్పంచ్ శాలువా కప్పుతాడు. ఊరి పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత ఉంది.

"గా గీత మీద నీ ఊరి పేరు రాసుకో," అన్నాడు సారు. "ఊరు నిజమైతె కథ నిజమైనట్టే."

"మాది సిరిసిల్ల సార్. మున్సిపాలిటీ. సర్పంచ్ ఉండడు."

"అమ్మమ్మది ఏ ఊరు?"

"బోయినపల్లి దిక్కు సార్."

"ఇంకేంది మరి! బోయినపల్లికి నీళ్లు మిగిలిచ్చినవ్. కూసో."

ముప్పై ఎనిమిదే ఎందుకు, నలభై ఎందుకు కాదు అని అడిగాను. గుండ్రటి అంకె చెప్తే అబద్ధంలా ఉంటుందట. శాతం చెప్పని ఫలితం ఫలితమే కాదట. ఆ రెండు వాక్యాలూ కూడా రాసుకున్నాను. ఆయన చెప్పిన వాటిలో నాకు ఇంజనీరింగులా వినిపించినవి అవే.

బస్సులో ఇంటికి వస్తూ నా సొంత సాహసాల జాబితా వేయడానికి కూర్చున్నాను. వేములవాడ వచ్చేదాకా ఒకటే తేలింది. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం బాపు నడిపే ఒక సాంచెకు నేను ఒక ఏర్పాటు చేశాను. పడుగులో ఒక పోగు తెగితే సాంచె దానంతట అదే ఆగాలి. మా పాత సాంచెలకు అది లేదు. పోగు తెగినా మగ్గం నేస్తూనే ఉంటుంది, బట్ట మీద సన్నగా గీత పడుతూ పోతుంది, మనిషి చూసి ఆపి అతుకు వేసేదాకా. పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక్కో పోగుకు వేలాడదీసే పలచని రేకులు దొరికాయి. పోగు తెగితే రేకు జారి కింద ఉన్న రెండు తీగలను కలుపుతుంది, మోటారు ఆగుతుంది. ఆ రేకులు అన్ని పోగులకూ ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ సాంచె నిద్రపోయింది. పోగులు అతికే పనికి వచ్చిన మనిషి చూసి, "ఏందిర గిది, సాంచెకు నగలు వెడ్తున్నవా?" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఎనిమిదికి మొదలైంది. మధ్యాహ్నం రెండింటికల్లా నలభై ఒక్కసార్లు ఆగింది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని నోటుబుక్కులో లెక్కకు గీతలు పెట్టాను. అందులో పదిహేడుసార్లు నిజంగా పోగు తెగింది. ఇరవై నాలుగుసార్లు తీగల మీద దూది పేరుకుని ఆగింది. అది ఆగినప్పుడల్లా బాపు పరుగెత్తేవాడు. ఆయన ఇటు వచ్చేసరికి అటు ఇంకో సాంచెలో అడ్డనూలు కండె అయిపోయి అదీ ఆగేది. మర్నాడు నేను కాలేజీకి పోయి వచ్చేలోపు బాపు పట్టకారు తీసుకుని తీగలన్నీ కత్తిరించేశాడు. ప్రాజెక్టుకు మాత్రం నాకు మంచి మార్కులే వచ్చాయి. కాలేజీ వాళ్లు సాంచె చూడటానికి రాలేదు.

ఇది ట్యాంకు కంటే మేలనిపించింది. ఊరు నిజం, మగ్గం నిజం, ప్రతిఘటన నిజం. ఫలితం గది ఒక్కటే ఇబ్బంది. అక్కడ 'బట్ట ఇరవై ఏడు శాతం పెరిగింది' అని రాశాను. గురువారం పొద్దున బాపు అన్నం తింటుండగా అడిగాను. సాంచెల సప్పుడులో ముప్పై ఏళ్లు ఉన్న మనిషి కాబట్టి ఇంట్లో మేమందరం కాస్త గట్టిగానే మాట్లాడతాం.

"బాపూ, గా తీగలు ఎందుకు తీసినవో యాదికున్నదా?"

"ఏ తీగలు?"

"సాంచెకు నేను కట్టినయి."

"గవ్వా? పని చేసుకోనిస్తలేవని తీసిన. లంగల కిందేసే బట్టకు గంత సోకెందుకురా? గీత వడితె వడనీ."

"రెండు దినాలు సాంచె పండవెట్టిండు," అంది అమ్మ వంటింట్లోంచి. "నాకు గదే యాదికున్నది."

"రేపు ఇంటర్వ్యూల గది చెప్తున్న."

"ఏమని?" అన్నాడు బాపు.

"బట్ట పెరిగిందని."

బాపు ముద్ద కలపడం ఆపాడు. "పెరిగిందా? మరి పెరిగిన బట్ట ఏడికి వోయిందిరా?"

"నువ్వడుగకు," అంది అమ్మ. "వాళ్లే అడుగుతరు."

శుక్రవారం కోరుట్ల మిల్లులో మమ్మల్ని కాంటా గది పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పద్నాలుగు మందిమి. అందులో ఆరుగురిని శిక్షణ కేంద్రంలో చూశాను. మేడిపల్లి నుంచి వచ్చినతను నా పక్కన కూర్చుని పెదాలు కదిలిస్తున్నాడు.

"నువ్వు గూడ నాలుగేనా?" అన్నాడు.

"కాదు. నాది నాదే."

"అదృష్టమంతునివి. నాది నాలుగే. కష్టమేందంటె, మా ఊరి మాజీ సర్పంచ్ మా పెదబాపే. ఆయన నన్ను వద్దన్నడని చెప్పాలె. ఇంటికి తెలిస్తె నిజంగనే వద్దంటడు."

పిలిచారు, వెళ్లాడు. ఏడు నిమిషాల్లో బయటికి వచ్చాడు.

"ఏమైంది?"

"నాకంటె ముందు వెల్గటూరు పిలగాడు పోయిండు గదా, వాడు గూడ ట్యాంకే చెప్పిండట. వానికంటె ముందు ఇంకొకడు. మేడం అడుగుతంది, 'మీ జిల్లాలో ట్యాంకులన్నీ ఇలాగే పొర్లుతాయా?' అని."

"ముప్పై ఎనిమిదే చెప్పినవా?"

"లే, నలభై ఒకటి చెప్పిన. మా ఊరికి జర పేరుండాలె గదా."

తర్వాత నా వంతు. గదిలో ముగ్గురున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన హెచ్ఆర్ మేడం ముందు ట్యాబు ఉంది. ప్లాంటు మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు. మూలకు, కిటికీ పక్కన, తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిల్లు యజమాని ఆయనేనని మేనేజరు కుర్చీలో కూర్చున్న తీరును బట్టి తెలిసింది.

"అందరికంటే ముందు ఆలోచించి, రిస్క్ తీసుకుని, మీరు ఒక పెద్ద మార్పు తెచ్చిన సందర్భం చెప్పండి," అంది మేడం. ఆ రోజు ఆ వాక్యాన్ని ఆమె ఎన్నోసారి అంటోందో నేను లెక్కగట్టగలను. ఎనిమిదోసారి.

నేను పరిస్థితి చెప్పాను. పని చెప్పాను. చర్య దగ్గరికి వచ్చేసరికి మేడం ముఖం వెలిగింది. నా కథలో నీళ్లు లేవు. ఆమె వేళ్లు ట్యాబు మీద గబగబా కదిలాయి. బట్ట ఇరవై ఏడు శాతం పెరిగిందని ముగించాను. "వావ్," అంది మేడం. "మీ నాన్నగారు వ్యతిరేకించినా?"

"అవును మేడం."

కిటికీ దగ్గరి పెద్దమనిషి చేతులు విప్పాడు.

"మీ నాయిన ఎన్ని సాంచెలు నడుపుతడు?"

"ఆరు సార్."

"ఆరిట్ల ఒకదానికి కట్టినవు."

"అవును సార్."

"పోగు తెగితె ఆగుతది."

"అవును సార్."

"ఆగితె బట్ట పెరిగింది."



"మాది గూడ సిరిసిల్లనే," అన్నాడాయన. "ఈ మిల్లు పెట్టక ముందు పదేండ్లు మా నాయినెంబడి సాంచెలు నడిపిన. ఆగిన సాంచె మీద బట్ట పెరుగుడు నేనైతె సూడలే. ఎట్ల పెరిగిందో జర చెప్పు కొడుకా. నేర్సుకుంట."

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది అబద్ధానికి ఇంకో అబద్ధం అతుకు వేయడం. మగ్గం నడిపిన మనిషి ముందు అతుకు దాగదు. అందుకని రెండోది పట్టుకున్నాను. నలభై ఒకటి, పదిహేడు, ఇరవై నాలుగు, పట్టకారు, అన్నీ చెప్పాను. మేడం వేళ్లు ఆగిపోయాయి.

"అంటే... ఫలితం?"

"ఆ సాంచె మీద బట్ట సగానికి తగ్గింది మేడం."

"సగం అంటే, శాతంలో?"

"యాభై మేడం," అన్నాడు మేనేజరు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

పెద్దమనిషి నవ్వాడు. పొట్ట ఊగేలా నవ్వాడు. నవ్వి, "మరి మీ నాయిన తీగలు కత్తిరిచ్చుడు తప్పేనా?" అన్నాడు.

"తప్పు కాదు సార్. అది లోపల కుట్టే బట్ట, గీత పడ్డా కొనేటోల్లు ఏమనరు. బాపు నిమిషమున్నరకు ఒకసారి అన్ని సాంచెలు చుట్టివస్తడు, ఎట్లనైనా సూస్తడు. ఏది ఆగాలె, ఏది ఆగకున్నా నడుస్తదని నేను అడుగకుండ కట్టిన. ఖరీదు బట్ట అయితె కట్టాలె."

మేనేజరు మొదటిసారి ఫోను బోర్లా పెట్టాడు. "ఇక్కడ వడ్లు పైకెత్తే ఎలివేటర్లకు సెన్సర్లు ఉన్నాయి. తవుడు దుమ్ము పడి రోజంతా ఆగుతుంటే అవి పనిచేయకుండా మావాళ్లు వాటికి బిస్కెట్ పాకెట్ కాగితాలు చుట్టేశారు. నువ్వైతే ఏం చేస్తావ్? విప్పేస్తావా?"

"అన్నీ ఒక్కసారి విప్పను సార్. ఒక దినం నిలబడి సూస్త. ఆగకపోతె బెల్టు కాలేవి, మనిషి చెయ్యి పోయేవి ముందు విప్పుత. మిగతాటియి దుమ్ము ఊడ్చే ఏర్పాటు చేసినంక."

మేడం ట్యాబు వైపు, నా వైపు చూసింది. "ఇందులో విజన్ ఏముంది?" అంది. ఆమె అడగడం తప్పు కాదు. ఆమెకు నింపాల్సిన గడి ఒకటి ఖాళీగా ఉంది.

"తవుడు ఊడ్సుడున్నది మేడం," అన్నాడు పెద్దమనిషి. "గది ఇయ్యాల పొద్దటి సంది ఎవ్వలు చెప్పలే."

ఆదివారం మధ్యాహ్నం మేడం ఫోన్ చేసింది. మర్యాదస్తురాలు, అన్నీ విడమరిచి చెప్పింది. సాహసానికి ఐదుకు రెండు. దార్శనికతకు ఐదుకు ఒకటి. నిజాయితీకి ఐదుకు ఐదు, కానీ ఈ పోస్టుకు నిజాయితీని లెక్కలోకి తీసుకోరట. మెయింటెనెన్స్ ఇంజనీరుగా, పదేళ్లలో ఈ మిల్లు మనుషులే లేకుండా నడుస్తుందని చెప్పిన అభ్యర్థిని తీసుకున్నారు. అయితే యజమానిగారు పట్టుబట్టడం వల్ల అతని కింద నాకు షిఫ్టు ఆపరేటరు పని ఇస్తున్నారు. బుధవారం చేరాలి. కాగితం తర్వాత వస్తుంది.

మనుషులే లేకుండా నడపబోయే ఆయన కింద మనిషిగా నన్ను పెట్టారన్నమాట. ఈ మాట మేడంతో అనలేదు. థాంక్స్ చెప్పాను.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను.

"ఇంజనీరు కాదా?" అంది అమ్మ.

"కాదు. ఆపరేటర్."

"ఆపరేటరంటె ఏం పని?" అన్నాడు బాపు.

"మిషిన్ల కాడ నిలబడుడు."

"గది ఈడ గూడ ఉన్నది గదరా. గంత దూరం పోయి నిలబడుడెందుకు?"

శిక్షణ కేంద్రం వాళ్లకు ఆ ప్రశ్న తట్టి ఉంటే పదమూడోదిగా చేర్చేవారు. నాలుగు గదులూ పక్కనపెట్టి ఆలోచించాల్సి వచ్చింది.

"ఈడ ఆగితె మల్ల నడిపిచ్చుడే పని బాపూ. ఆడ ఆగితె, ఎందుకాగిందో సూసుడు నా పని."

"ఎందుకాగిందో నాకు తెల్వదా?"

"నీకు తెలుసు. నాకు తెల్వదు. నేర్సుకోవాలె."

అమ్మ నా వైపు చూసి, ఇక మాట్లాడకు అన్నట్టు చెయ్యి ఊపింది. బాపు తువ్వాల భుజాన వేసుకుంటూ, "పొద్దుగాల పోయి ఆసామికి నువ్వే చెప్పు. ఫోన్ల చెప్పకు. మనకోసం ఆగిండు, మంచిగుండదు," అన్నాడు.

సోమవారం ఎనిమిదింటికి షెడ్డుకు వెళ్లాను. బాపు అప్పటికే తన ఆరు సాంచెల మధ్య తిరుగుతున్నాడు. నన్ను చూసీ చూడనట్టు ఉన్నాడు. పక్కనే ఖాళీగా ఉన్న నాలుగింటికి పడుగు నూలు చుట్టిన కొత్త భీములు ఎక్కించి ఉన్నాయి. నేను వస్తానని ఆసామికి అంత నమ్మకం. ఆయన నన్ను చూడగానే సంతోషపడి, సప్పుడుకు దూరంగా గేటు దాకా తీసుకొచ్చాడు.

"వచ్చినవా పిల్లగా. ఏ దిక్కు నుంచి మొదలువెడ్తవ్?"

"లేదు కాకా. కోరుట్ల మిల్లుల పని దొరికింది. గదే చెప్పిపోదామని వచ్చిన."

"ఇంజనీరా?"

"ఆపరేటర్."

ఆయన ఆ నాలుగు భీముల వైపు చూశాడు. "కాయిదం అచ్చిందా?"

"రాలే. ఫోన్ల చెప్పిండ్రు."

"ఫోన్ల చెప్పిన దానికి చేతుల ఉన్నది ఇడిసిపెడ్తున్నవా? రేపు వాళ్లు కాదంటె?"

"ఏమో కాకా."

"నువ్వు కాదన్నంక నేను మల్ల ఆగ. తెలుసు గదా?"

"తెలుసు."

"సదువుకున్నోల్లకు దైర్నం బాగనే ఉంటదిరా," అన్నాడు. మెచ్చుకోలు కాదది.

నేను అక్కడ ఉండగానే జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో చేశాడు. "నాలుగు సాంచెలున్నయి. భీములు గూడ ఎక్కిచ్చిన. వస్తవా?" అన్నాడు. అటు నుంచి "వస్త" అన్న మాట నాకూ వినిపించింది. "ఎప్పుడు?" "ఇప్పుడే." ఫోన్ పెట్టేశాడు. నిమిషం పట్టలేదు. ఆ మనిషి తన జీవితంలో ఏం సాహసం చేశాడో, పదేళ్ల తర్వాత ఏం చూస్తున్నాడో ఆసామి అడగలేదు. పనివాడు దొరికాడు.

ఆ వచ్చేవాడు వచ్చేదాకా ఆగాలనిపించింది, ఎందుకో. పావుగంటలో సైకిల్ మీద వచ్చాడు. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్ద ఉంటాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, మొదటి సాంచె మోటారు స్విచ్ వేశాడు. బాపు అతని దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో అరిచి, మూడో సాంచె వైపు చూపించాడు. అది కొంచెం మొండిది. దాని సంగతి నాకు చెప్పడానికి దాచుకున్నదే అయి ఉంటుంది.

నేను గేటు దాటి, బుధవారం కోరుట్లకు మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి బస్టాండుకు నడిచాను.